మాలుతో వచ్చిన గొంతు

నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పొడుగునా పురుగుమందుల షాపులే. వాటిలో శ్రీ బాలసరస్వతి ట్రేడర్స్ మరీ పెద్దదీ కాదు, తీసిపారేసేదీ కాదు. కింద షాపు, వెనక గోడౌను, పైన ఇల్లు. పైన ఎవరైనా తుమ్మితే కింద గల్లా దగ్గర కూర్చున్నవాళ్ళు "చిరంజీవ" అంటారు. కింద కొత్త పెట్టె విప్పితే పైన పెరుగన్నంలో కూడా మందు వాసనే. ఆ ఇంటికి హరిత కోడలిగా వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది గానీ మనసు ఇంకా పడలేదు.

షాపు బోర్డు మీద రెండు ఫోను నంబర్లు ఉంటాయి. మొదటిది ఆమె భర్త శ్రీహరిది. అది ఎప్పుడు చేసినా బిజీ. రెండోది హరితది. బోర్డు రాయించేటప్పుడు ఆమెను అడిగినవాళ్ళు లేరు. "ఇంట్లో ఊరికే ఉంటావుగా, ఎత్తి మందు ఉందో లేదో చెప్పు, అంతేగా" అన్నాడు శ్రీహరి. అంతే. అప్పటినుంచీ బెల్లంకొండలో పత్తికి తెల్లదోమ పట్టినా, రొంపిచర్లలో మిరపకు ముడత వచ్చినా మోగేది హరిత ఫోనే.

హరితకేమో పాటల పిచ్చి. దాచేపల్లిలో వాళ్ళ నాన్న కిరాణా కొట్టు రోడ్డు మీదే ఉండేది. సిమెంటు లారీల మోతలో వినపడాలని ఆయన బియ్యం బస్తా మీద రేడియో పెట్టి గొంతు పెంచేవాడు. ఆ పాటలన్నీ ఇప్పుడు ఫోనులో దొరుకుతాయి, దొరక్కేం. వంటింట్లో నిలబడి చెవుల్లో పెట్టుకుంటే పల్లవి వస్తుంది, ఒక చరణం వస్తుంది, రెండో చరణం అందుకునేలోపు "అమ్మా, ఆ మందు వచ్చిందా?" అంటూ ఒక రైతు చెవిలోకి దిగుతాడు. పాపం, రైతుది తప్పు కాదు. చేను మాడిపోతుంటే ఈమె పాట గొడవ అతనికెందుకు? కానీ ఆమె చెవి ఆమెదే కదా, ఆ సంగతి ఒక్కరికైనా తట్టాలి కదా.

విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు సాయిసాత్విక ఒకసారి చెప్పింది. "ఫోన్లు రాని మ్యూజిక్ ప్లేయర్లు ఇంకా అమ్ముతున్నారమ్మా. అగ్గిపెట్టెంత ఉంటయ్. ఆన్‌లైన్‌లో పెట్టుకో." పెట్టడం తేలికే. వచ్చేది ఎక్కడికి? షాపుకి. షాపుకి వచ్చిన పెట్టె విప్పేది ఎవరు? అత్తగారు బాలసరస్వతి.

ఆవిడ హస్తవాసి గురించి బజారంతా చెప్పుకుంటారు. సీజనులో మొదటి పెట్టె ఆవిడ చేత్తో విప్పితేనే సరుకు నిలవ పడకుండా కదులుతుందని మామగారి నమ్మకం. ఆయన పోయిన ఏడాది, ఇక ఆ చెయ్యి పనికిరాదని ఒకరిద్దరు గొణిగారు. శ్రీహరి వినలేదు. తల్లి చేతనే విప్పించాడు. ఆ ఏడు సరుకు సీజను సగంలోనే అయిపోయి మళ్ళీ తెప్పించాల్సొచ్చింది. గొణిగినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఆ తర్వాత ఆవిడ హక్కు పురుగుమందుల పెట్టెల దగ్గర ఆగలేదు. కొరియర్‌లో వచ్చిన జాకెట్టు గుడ్డ దాకా పాకింది. చేతిలో చిన్న కత్తెర, పెట్టెకు ఒక దండం, సర్రుమని టేపు కోయడం, లోపలిది పైకెత్తి "ఇదేందే, ఎవురికి?" అని అడగడం. డెబ్భై ఆరేళ్ళ మనిషికి ఆ ఒక్క క్షణం కళ్ళల్లో పదహారేళ్ళు వస్తాయి.

ఆవిడకు ఇంకో పట్టింపు ఉంది. పెట్టెలో వచ్చినదేదీ బయటికి పోకూడదు. కొలత మూత, కాగితం, చేతి తొడుగు, ఏదైనా సరే. "మాలుతో వచ్చింది మాలుతోనే ఉండాల" అంటుంది. ఒకప్పుడు కొలత మూత లేదని ఒక రైతు డబ్బా తెచ్చి గల్లా మీద కొట్టి పోయాడు. ఆ మాట అప్పుడు పుట్టి, శాసనమై కూర్చుంది.

ఇలా ఉండగా ఈ ఏడు కంపెనీవాళ్ళ టూరు తగిలింది. టార్గెట్ కొట్టిన డీలర్లను పురుగుమందుల కంపెనీలు ఏటా ఎటో ఒక చోటికి తిప్పుకొస్తాయి. ఈసారి బ్యాంకాక్ అన్నారు. డీలర్ల ముఖాలు దీపాల్లా వెలిగాయి. భార్యలతో సహా రావాలని మెలిక పెట్టారు. సగం దీపాలు ఆరిపోయాయి. శ్రీహరి ముఖం మాత్రం మామూలుగానే ఉంది. అతనికి షాపు దాటితే ఏ ఊరైనా ఒకటే.

వంటవాడిని, ఆవకాయ జాడీలను వెంటేసుకుని మేలో నలభైమంది బయల్దేరారు. మూడో రోజు ఆడవాళ్ళను బజారుకు తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు సంచుల దగ్గర, సబ్బుల దగ్గర ఆగిపోతే హరిత ఒక్కతీ మెట్లెక్కి ఎలక్ట్రానిక్ సామాన్ల అంతస్తుకు వెళ్ళింది. అద్దాల బల్ల వెనక ఒక ముసలాయన. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు ఆయనకు రాదు, ఆయనకు వచ్చింది ఈమెకు రాదు. ఆమె తన ఫోను చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, చెవి చూపించింది. ఆయన నవ్వి అగ్గిపెట్టెంత నీలం రంగు డబ్బా తీసి అరచేతిలో పెట్టాడు. తన సొంత డబ్బులు పెట్టి, తనకోసం, ఎవరినీ అడక్కుండా హరిత కొనుక్కున్న మొదటి వస్తువు అదే. కొన్నాక గుప్పిట విప్పకుండానే మెట్లు దిగింది.

ఆ సాయంత్రం డీలర్లందరికీ మీటింగు పెట్టారు. హోటల్ గదిలో హరిత ఒక్కతే ఉంది. లోపల గడియ పెట్టుకుంటే ఎవరూ తట్టని తలుపు పంతొమ్మిదేళ్ళలో ఆమెకు అదే. డబ్బాకు పక్కన ఒక ఎర్ర బొత్తాం ఉంది. నొక్కితే తెరమీద అంకెలు పరుగెత్తాయి. గొంతు పట్టే బొత్తాం అన్నమాట.

"హలో... హలో... నేను హరితని" అంది. ఏం మాట్లాడాలో తోచక నవ్వింది. తర్వాత తోచింది.

"ఎవురూ లేరు కాబట్టి చెప్తన్నా. నాకు ఇంటికి పోవాలని లేదు. మెట్ల మీద నా అడుగులు లెక్కపెడతది మా అత్త. ఇన్నిసార్లు ఎందుకు దిగావు, ఇంతసేపు ఎందుకు ఎక్కలేదు. స్నానానికి పోతే తలుపు కొడతది, బావిలో పడ్డానేమో అన్నట్టు. ఆయన మంచోడే. మంచోడైతే ఏం, ఇంట్లో ఉండేది ఆయనా? నాకు ఒక పాట విననియ్యరు. ఒక్క పాట..." అలా పదకొండు నిమిషాలు మాట్లాడింది. చివర్న, అనుకోకుండా, చానాళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ముక్క బయటపడ్డట్టు ఒక మాట పడింది. "ఆమె పోతేగానీ నాకు గాలాడదు."

అన్నాక తనే ఉలిక్కిపడింది. చెరిపేద్దామనుకుంది. ముందు ఒకసారి వింటే పోలా అనుకుంది. వింటే, ఆ గొంతు ఎవరిదో లాగా, నదురూ బెదురూ లేనిదానిలా ఉంది. ఆ గొంతు ఆమెకు నచ్చింది. మూడుసార్లు వింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. ఇంటికి పోయాక చెరుపుదాంలే అనుకుని ఉంచుకుంది.

తిరుగు ప్రయాణంలో మాచర్ల డీలరు భార్య అన్నపూర్ణ చెవిలో వేసింది. "చేతిసంచిలో కరెంటు సామాను ఉంటే కస్టమ్స్ వాళ్ళు పక్కకి తీసకపోతారంట వదినా." హరిత హడలిపోయి నీలం డబ్బాను పెట్టెతో సహా సూట్‌కేసులో పట్టుచీర మడతల్లోకి తోసేసింది. హైదరాబాదులో దిగాక తీద్దామనుకుంది. సూట్‌కేసులు కారు డిక్కీలో పడ్డాయి. ఇంటికొచ్చాక గదిలో తీద్దామనుకుంది. ఇంట్లో, హాలు మధ్యలో, చాప పరిచి ఉంది. చాప మీద అత్తగారు కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ పక్కింటి పాపమ్మ పిన్ని, ఆమె కోడలు, ఎదురింటివాళ్ళు. ఫారిన్ నుంచి వచ్చిన పెట్టె విప్పుతుంటే చూడనివాళ్ళెవరు?

"కాళ్ళు కడుక్కొస్తా అత్తయ్యా, తర్వాత..." అంది హరిత.

"కడుక్కోపో. పెట్టె ఇట్టా తోసి పో" అంది బాలసరస్వతి.

తోసి వెళ్ళలేక అక్కడే నిలబడింది. చాక్లెట్లు వచ్చాయి, సబ్బులు వచ్చాయి, తలనొప్పి మందు సీసాలు వచ్చాయి. ఎవరికేది ఇవ్వాలో అత్తగారే పంచింది. తర్వాత పట్టుచీర మడత విప్పింది. నీలం డబ్బా ఆవిడ ఒళ్ళోకి జారింది.

"ఇదేందే, ఎవురికి?"

హరిత డబ్బా వైపు చూసింది. నాకు అనొచ్చు. రెండక్షరాలు. నాకు అంటే, నీకెందుకు అంటారు. ఫోను ఉందిగా అంటారు. ఇందులో ఏముందో చూపించు అంటారు. పదిమంది కళ్ళు ఆమె మీదే ఉన్నాయి.

"మీకే అత్తయ్యా" అంది. "భజనలు, హరికథలు వింటారని."

పాపమ్మ పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "చూశావా సరస్వతక్కా! అంత దూరం పోయి నీకోసం ఏరి తెచ్చింది. మా ఇంట్లోదీ ఉంది, ఎందుకూ!" ఆమె కోడలు నేల చూపులు చూసింది. బాలసరస్వతి డబ్బాను ఇటూ అటూ తిప్పి, దాంతో వచ్చిన తాడు దానికే కట్టి మెడలో వేసుకుంది. తులసిపూసల పక్కన అది వేలాడుతుంటే హరిత తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అరవటానికి లేదు, ఊరుకోవటానికి లేదు. ఆ మాట ఆ డబ్బాలో ఉంది. ఆ డబ్బా ఆవిడ గుండె మీద ఉంది.

పడుకునేటప్పుడు తీస్తుందిలే అనుకుంది. తీయలేదు. స్నానానికి పోయేటప్పుడు తీసింది గానీ, బాత్‌రూము తలుపు చిలుక్కే తగిలించింది, లోపలివైపు. చార్జింగ్ పెట్టుకొస్తానంది హరిత. "వద్దులే, కింద చార్జింగ్ పెట్టి గల్లాలో దాస్తాడు వాడు" అంది అత్తగారు. గల్లా తాళం శ్రీహరి మొలతాడుకు ఉంటుంది. అతన్నే అడిగింది.

"ఏమండీ, ఆ పాటల డబ్బా ఒకసారి ఇట్టా ఇస్తారా, తుడిచిస్తా."

"అమ్మది కదా. అమ్మనడుగు" అన్నాడు. లోకంలో శ్రీహరికి తెలిసిన జవాబు అదొక్కటే.

మూడో రోజున ఎదురుగా ఉన్న సెల్ షాపు అన్సార్‌ను పిలిపించి, బాలసరస్వతి దాన్నిండా భజనలు, స్తోత్రాలు ఎక్కించుకుంది. ఇక చూడాలి ఆవిడ సంబరం. పెట్టెలో వచ్చిన ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని పప్పు ఏరుతూ వినడం, పేపరు ముందు కూర్చుని వినడం, వింటూ వింటూ కుర్చీలోనే కునుకు తీయడం. ఆ కునుకే హరిత ప్రాణాలు తోడేది. ఈవిడ నిద్రపోతే డబ్బా నిద్రపోతుందా? అది ఒక పాట తర్వాత ఒకటి పాడుకుంటూ పోతూనే ఉంటుంది. అన్నీ అయిపోయాక?

అన్సార్ దగ్గరికి వెళ్ళి ఏమీ ఎరగనట్టు అడిగింది.

"అన్నీ అయిపోతే ఆ వాయిస్ ఫోల్డర్లోకి పోద్దక్కా" అన్నాడు అన్సార్. "లోపల ఏదో ఉందక్కా, పదకొండు నిమిషాలది. కంపెనీవాళ్ళ శాంపిలేమో. నేను వినలా."

"ఎన్ని పాటలున్నయ్ తమ్ముడూ?"

"నూట ఎనభై."

"ఇంకా వెయ్యి. ఎన్ని పడితే అన్ని వెయ్యి. చివరిదాకా రాగూడదు."

అలా మొదలైంది హరిత భక్తి. వారానికొకసారి అన్సార్‌ను పిలవడం, ఎక్కడెక్కడి హరికథలో, ఎవరెవరి భజన మండళ్ళ పాటలో వెతికించి ఎక్కించడం. చివర అనేది ఎంత దూరం జరిగితే ఆమె ప్రాణానికి అంత ఊరట. "అత్తగారి పుణ్యం కోసం ఆ పిల్ల పడే తాపత్రయం చూడండే" అని పాపమ్మ పిన్ని బజారంతా చాటింది. పొగడ్త విన్నప్పుడల్లా హరితకు అడకత్తెర ఇంకో నొక్కు బిగిసినట్టుండేది. జూన్‌లో వానలు పడ్డాయి. పత్తి గింజలు వేశారు. ఫోను మోగుతూనే ఉంది. ఆమె "వచ్చిందన్నా", "రేపొస్తదన్నా" అంటూనే ఉంది. మాట ఇటు, చూపు అటు. అత్తగారి ముఖం నవ్వితే ఎందుకు నవ్విందో, కళ్ళు తుడుచుకుంటే ఎందుకు తుడుచుకుందో అని వెతుక్కునేది. హరికథ విన్నా జనం ఏడుస్తారు కదా అని తనకు తాను చెప్పుకునేది. రెండు నెలల్లో చెంపలు లోపలికి పోయాయి. బ్యాంకాక్ నీళ్ళు పడలేదన్నారు అందరూ.

ఆగస్టులో అన్సార్ చేతులెత్తేశాడు. "నిండిపోయిందక్కా. ఇంకోటి పట్టాలంటే ఏదోటి తీయాల."

మునిగేవాడికి దొరికిన గడ్డిపోచలా ఆ మాట పట్టుకుంది హరిత. "అయితే ఆ వాయిస్ ఫోల్డరుందే, అది తీసెయ్."

"నేనూ అదే అన్నానక్కా, మొదట్లోనే. పెద్దమ్మ వద్దంది. మాలుతో వచ్చింది మాలుతోనే ఉండాలంట." అన్సార్ నవ్వాడు. హరిత కూడా నవ్వాలి కాబట్టి నవ్వింది. మెట్లెక్కి పైకొస్తుంటే ఎన్ని మెట్లున్నాయో మొదటిసారి తనే లెక్కపెట్టింది. ఇరవై రెండు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు బాలసరస్వతి చారు పోసుకుంటూ అంది. "ఒరే శ్రీహరీ, నాకు పాస్‌పోర్టు చేయించు."

శ్రీహరికి పొలమారింది. "ఎందుకమ్మా?"

"వచ్చే ఏడు టూరుకి నేను పోతా. నువ్వు షాపు చూసుకో."

"సీటు డీలరుకి ఇస్తారమ్మా."

"షాపు లైసెన్సు ఎవురి పేరున ఉందిరా?"

శ్రీహరి ఆలోచించాడు. లైసెన్సు తల్లి పేరునే ఉంది. బోర్డు కూడా ఆవిడ పేరుదే. ఆ లెక్కన ముప్ఫై ఏళ్ళుగా టార్గెట్లు కొట్టింది ఆవిడే. "అది సరే, ఒక్కదానివే ఎట్టా పోతావ్?"

"హరిత వస్తదిగా. నేనూ అదీ ఒక గదిలో ఉంటాం."

హరిత చేతిలో ముద్ద కంచంలోకి జారింది. లోకం మొత్తమ్మీద గడియ పెట్టుకోగలిగిన తలుపు ఆమెకు ఒక్కటే ఉంది. ఇప్పుడు అందులోకీ ఆవిడ సామాను చేరుతోంది. ఇంతకీ విందా? వినే అంటోందా? ముఖం చూస్తే చారు బాగుందన్నట్టు తప్ప ఇంకేమీ లేదు. ఏడుపు వస్తే మిరియం ఘాటు అని చెప్పి పెరట్లోకి పోయింది. పోయిన రెండు నిమిషాలకు, "ఏమే, యాడున్నావ్?" అని పిలుపు వినపడింది.

పదిహేను రోజుల తర్వాత పోస్టాఫీసులో ఉన్న పాస్‌పోర్టు కౌంటరుకు రమ్మన్నారు. శ్రీహరికి షాపు వదలడానికి లేదు. పెద్దవాళ్ళకు తోడు ఒకరిని రానిస్తారు కాబట్టి హరితే వెళ్ళింది. చిన్న గది. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దానికి గద్ద ముక్కులా వంగిన కెమెరా. టూరు ముందు హరిత ఫోటో తీసిందీ ఇక్కడే. బల్ల వెనక అమ్మాయి కాగితాలన్నీ చూసి, అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"మామ్మగారూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసెయ్యాలి. మెడలో ఆ డబ్బా కూడా."

బాలసరస్వతి తాడు తల మీదుగా తీసింది. ఒకసారి కోడలి వైపు చూసింది. చెయ్యి చాపి డబ్బాను హరిత అరచేతిలో పెట్టింది. "పట్టుకో" అంది.

నాలుగు నెలల తర్వాత అది హరిత చేతికి వచ్చింది. ఇంకా ఆవిడ ఒంటి వేడి దానిమీదే ఉంది. అమ్మాయి తెల్లగుడ్డ తెర సర్దుతోంది, అత్తగారి ముఖం కెమెరా వైపు ఉంది, హరిత నిలబడింది పక్కన, నాలుగడుగుల దూరంలో. ఇంతకన్నా మంచి క్షణం మళ్ళీ జన్మలో రాదు. బొటనవేలు దానంతటదే కదిలింది. భజనలు, హరికథలు, స్తోత్రాలు, అన్నీ దాటి కిందికి, ఇంకా కిందికి. వాయిస్. ఒకటే ఒకటి. పదకొండు నిమిషాలు. బొత్తాం నొక్కి పట్టుకుంటే తెరమీద చెరపాలా వద్దా అని ఇంగ్లీషులో అడిగింది. రెండు మాటలు పక్కపక్కన నిలబడ్డాయి. వేలు ఒకదాని మీదికి జరిగింది.

"కదలకుండా కెమెరానే చూడాలి మామ్మగారూ."

"చూస్తన్నాలేమ్మా" అంది బాలసరస్వతి. గడ్డం ఎత్తి, వీపు నిటారుగా పెట్టి, రెప్ప కొట్టకుండా, తల ఇటు తిప్పకుండా అంది. "చెరపమాకే హరితా."

హరిత వేలు గాలిలోనే ఆగిపోయింది.

"మామ్మగారూ, మాట్లాడొద్దు. నోరు మూసుకుని ఉండాలి."

"అరవై ఏళ్ళు మూసుకునే ఉన్నానమ్మా. ఒక్క నిమిషం ఆగు." ఆవిడ చూపు కెమెరా మీదే ఉంది. గొంతు పెరగలేదు, తరగలేదు. "వచ్చిన మూడో రోజే విన్నా. అన్సార్ రాకముందే. అందులో ఉన్నది నువ్వొక్కదానివే అప్పుడు. నేను పోతేగానీ నీకు గాలాడదన్నావు."

"అత్తయ్యా..."

"నేను కూడా అనుకున్నా, మా అత్త పోతేగానీ నాకు ఆడదని. పైకి అన్లా. అనటానికి నాకు గది యాడిది? ఆమె పోయింది. పోయి ముప్ఫై రెండేళ్ళయింది. ఏం ఆడింది?"

అమ్మాయి ఇద్దరి వైపూ చూసింది. ఏమనుకుందో ఏమో, మౌస్ మీద చెయ్యి పెట్టి ఊరుకుంది.

"ఇక తియ్యమ్మా" అంది బాలసరస్వతి. పెదాలు మూసింది. మెరుపు మెరిసింది.

కంప్యూటరులో ఫోటో వచ్చింది. బిగిసిన పెదాలు, సూటిగా చూసే కళ్ళు. హరిత తన పాస్‌పోర్టులో ఉన్న ఫోటో గుర్తుతెచ్చుకుంది. ముడతలు తీసేస్తే అదే ఫోటో.

బయట మెట్ల మీద ఎండ చుర్రుమంటోంది. బాలసరస్వతి రెండు మెట్లు దిగి ఆగి, తల కొంచెం వంచింది. "వెయ్" అంది. హరితకు కాళ్ళు పట్టుకోవాలనిపించింది. అక్కడినుంచి పారిపోవాలని కూడా అనిపించింది. రెండిట్లో ఏదీ చేయలేక డబ్బా తాడు ఆవిడ మెడలో వేసింది. తన చేతులతో తనే వేసింది.

"తప్పైపోయింది అత్తయ్యా. చెరిపేస్తా, ఇటివ్వండి."

"ఎందుకు చెరపటం? మాలుతో వచ్చింది." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "రోజూ వింటన్నా. భజనలు ఎంతసేపని వింటామే? ఇంట్లో నువ్వు అట్టా మాట్లాడింది ఒక్కరోజు లేదు. ఆ గొంతు బాగుంది." డబ్బా తాడు మెడలో సర్దుకుంది. "నేను పోయేదాకా ఆగాల్సిందే నువ్వు. మా పుట్టింటి ఆడాళ్ళు తొంభై దాటకుండా పోరు. ఈలోపు ఆ ఊరు నాక్కూడా చూపించు. నువ్వు తలుపేసుకున్న ఆ గది."

హరిత ఏదో చెప్పబోయింది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆవిడతో చెప్పవలసిన మాట ఒకటి గొంతు దాకా వచ్చింది. సంచిలో ఫోను మోగింది.

"కట్టెయ్" అంది బాలసరస్వతి. "ఎత్తమాక. ఏం కాదు."

కట్టేయవచ్చు. కట్టేయమన్నది లైసెన్సు ఉన్న మనిషే. అయినా హరిత చెయ్యి అప్పటికే సంచిలోకి పోయింది, వేలు అప్పటికే పచ్చ గుర్తును పక్కకు లాగింది, ఫోను అప్పటికే చెవిని చేరింది.

"అమ్మా, మిరపకు ఆ మందు వచ్చిందా?"

"ఆఁ, చెప్పన్నా. వచ్చిందన్నా" అంది హరిత, రోజూ అనే గొంతుతోనే.

బాలసరస్వతి కోడలి ముఖంలోకి ఒక క్షణం చూసింది. తర్వాత ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ పెట్టుకుని, భజనలన్నీ దాటించుకుంటూ కిందికి, చివరిదాకా పోయి, బొత్తాం నొక్కింది. ఒక మెట్టు మీద నిలబడి హరిత రైతుకు మోతాదు చెబుతోంది. ఇంకో మెట్టు మీద నిలబడి అత్తగారు రెండో హరిత మాటలు మొదటినుంచి వింటోంది.